క్యాసెట్లో పేరు

వేణు ముక్కు గురించి శైలజకు పెద్ద ఫిర్యాదే ఉంది. కోరుట్ల బస్టాండు వెనక వాళ్ళ టీవీ రిపేరు దుకాణం. చెడిపోయిన టీవీని ఎవరన్నా మోసుకొచ్చి బల్ల మీద దించడమే ఆలస్యం, ఆ మహానుభావుడు వెనక మూతైనా విప్పకుండా గాలి ఒకసారి పీల్చి, "ఫ్లైబ్యాకు కాలింది" అని తేల్చేస్తాడు. ఆ గురి తప్పదు కూడా. అదే ముక్కు ఇంటికొచ్చాక, పొయ్యి మీద పప్పు అడుగంటి, మాడి, పొగ గల్లీ దాటి పోతున్నా సరే, పేపరు వెనక హాయిగా నిద్రపోతుంది. పదకొండేళ్ళ కాపురంలో నాలుగు గిన్నెలు నల్లబడ్డాయి. అడిగితే, "అది నా లైను కాదు" అంటాడు.

ముక్కు సంగతి అలా ఉంటే, చెయ్యి సంగతి ఇంకోలా ఉంది. వేణు వేళ్ళు కొంచెం వణుకుతాయి. పెద్ద పనులకు ఫరవాలేదు గానీ, చీమకాళ్ళంత సన్నటి కాళ్ళున్న చిప్పులు అతికించడం అతని వల్ల కాదు. అందుకని అలాంటి బోర్డులు టిఫిన్ గిన్నెలో, అన్నం తిన్న అడుగున, గుడ్డలో చుట్టుకుని ఇంటికొస్తాయి. జగిత్యాలలో బీయెస్సీ ఎలక్ట్రానిక్స్ చదివిన శైలజ మధ్యాహ్నం అంట్లు తోమాక వంటగట్టు మీద వాటికి సోల్డరింగు చేస్తుంది. మర్నాడు అవి పచ్చిపులుసు పక్కన కూర్చుని దుకాణానికి వెళ్తాయి. "వేణన్న చెయ్యి మిషిన్ లెక్క" అని ఊళ్ళో పేరు. ఆ మాట అన్నవాళ్ళకు శైలజ చాయ్ ఇచ్చి, "అవునన్నా, దేవుడిచ్చిన చెయ్యి" అని మొగుడి వైపు చూసేది. వేణు చాయ్ వైపు చూసేవాడు.

ఆ యేడు అక్టోబరులో ఈ వేళాకోళాలకూ తీరిక దొరికింది, ఎందుకంటే పనే లేదు. సకల జనుల సమ్మె నెల దాటింది. బస్సుల్లేవు, ఆఫీసుల్లేవు, బడుల్లేవు. బొగ్గు బావులు కూడా బందు పెట్టడంతో కరెంటు పూటకు ఇన్ని గంటలని లెక్కగా వచ్చేది. టీవీలు ఎవరూ పెట్టడం లేదు కాబట్టి చెడిపోవడం కూడా మానేశాయి.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం సిరిసిల్ల నుంచి శైలజ తండ్రి బుచ్చయ్య దిగాడు. మూడు ఆటోలు, ఒక ట్రాక్టరు మారి వచ్చాడట. మనిషి మోకాళ్ళ దాకా దుమ్ము. మెడలో గులాబీ కండువా. చంకలో తువ్వాలు మూట.

"బస్సులు లేకపాయె, గింత తిప్పలు పడి ఎందుకచ్చినవ్ బాపూ?"

"సమ్మె మనదే గద బిడ్డా. మన తిప్పలు మనమే పడాలె."

"అవ్వ ఎట్లున్నది?"

"ఉన్నది."

"మాట్లాడుతున్నదా?"

"అందరితోని మాట్లాడుతది. నాతోనే లేదు."

ఏడు నెలలుగా ఇదే జవాబు. మార్చిలో శైలజ తమ్ముడు అరుణ్ పోయాడు. ఇరవై ఒక్కేళ్ళు. సిరిసిల్ల శివార్లలో సిద్దిపేట రోడ్డు మీద రాస్తారోకో జరుగుతుంటే లాఠీచార్జి అయింది. జనం ఉరికారు. ఆగి ఉన్న లారీల మధ్య అరుణ్ కిందపడ్డాడు. తలకు దెబ్బ. మూడో రోజు పెద్దాసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. ఆ తర్వాత చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. డిప్లొమా హాల్‌టికెట్ ఫోటో పెద్దది చేసి, కింద 'అమరవీరుడు' అని రాశారు. సభలు జరిగినప్పుడల్లా బుచ్చయ్యను వేదిక మీద కూర్చోబెట్టేవారు. ముప్ఫై ఏళ్ళు సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో బతికిన మనిషి, ఎవరితోనూ గట్టిగా నాలుగు మాటలు మాట్లాడనివాడు, ఇప్పుడు మైకు ముందు నిలబడి, "నా కొడుకు తనంతట తానే పోయిండు. తెలంగాణ కోసం పోయిండు" అని చెప్పి దండం పెట్టేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. ఇంట్లో సుశీల మాత్రం భర్తకు కంచంలో అన్నం పెట్టి, లోపలికి వెళ్ళిపోయేది. కొడుకు పోయిన దుఃఖం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుందిలే అనుకుంది శైలజ.

బుచ్చయ్య తువ్వాలు మూట విప్పాడు. లోపల పాత వీడియో గేము, పసుపుపచ్చ క్యాసెట్టు.

ఆ గేము బుచ్చయ్య కొన్నదే. భీవండిలో సాంచాలు నడిపిన రోజుల్లో అక్కడి పాతసామాన్ల బజారులో తీసుకుని, దీపావళికి ఇంటికొస్తూ తెచ్చాడు. అరుణ్‌కు అప్పుడు ఏడేళ్ళు. పెద్దయ్యాక అందరు పిల్లల్లా దాన్ని అవతల పడేయలేదు వాడు. డిప్లొమాలో చేరాక క్యాసెట్టు విప్పి, అందులో ఉన్న చిప్పు పీకేసి, తాను రాసిన ఆట ఎక్కించిన చిప్పు పెట్టడం మొదలుపెట్టాడు. ఆ ఎక్కించే మిషన్ జగిత్యాలలో రేడియోలు బాగుచేసే మక్బూల్ దగ్గర ఉంది. చిప్పు మీద చిన్న గాజు కిటికీ ఉంటుంది. దానికి ఎండ తగిలితే రాసిందంతా చెరిగిపోతుందని, దాని మీద అమ్మ స్టిక్కర్ బొట్టు అతికించేవాడు.

"మీ అవ్వ రోజు కరెంటు రాంగనే గిది పెడుతది," అన్నాడు బుచ్చయ్య. "ఆడదు, ఏం లేదు. వాని పేరు వస్తది గద మొదలు. అది సూస్తది. కొంగుతోని టీవీ తుడుస్తది. బంద్ చేస్తది. గంతే."

శైలజకు తెలుసు. ఆట మొదలుపెట్టగానే, ఇంతకుముందు ఎవరెవరు ఎంతదాకా ఆడారో మూడు పేర్లు వస్తాయి. ARUN 17. SHAILU 4. MAQBOOL 9. పదిహేడు అంటే పదిహేడో మజిలీ దాకా చేరాడని. సుశీలకు ఇంగ్లీషు రాదు. కానీ అంకెలు వచ్చు, ఆ నాలుగక్షరాల రూపం కూడా వచ్చు.

"దసరా ముంగట మక్బూల్ పేరు పోయింది. మొన్న నీ పేరు పోయింది," అన్నాడు బుచ్చయ్య. "కిందికెల్లి పోతున్నయి బిడ్డా. ఇగ వాడొక్కడే మిగిలిండు. మీ అవ్వ మొన్నటి సంది అన్నం ముడుతలేదు. నేనే ఎత్తుకచ్చిన. నీ మొగడు మంచి మిషిన్ చెయ్యి గదా, జర సూడుమను."

వేణు దగ్గాడు. శైలజ క్యాసెట్టు మరలు విప్పింది. బోర్డు మూలన గుండ్రటి బిళ్ళ బ్యాటరీ. పేర్లను పట్టుకుని ఉన్నది అదే. మీటరు పెట్టి చూసింది. మూడు వోల్టులు ఉండాల్సిన చోట ఒకటీ ముప్పావు చూపించింది.

"ఎన్ని దినాలు ఆగుతది?" అన్నాడు బుచ్చయ్య.

"దినాలు గాదు బాపూ," అంది.

మర్నాడు పొద్దున్నే మొగుడూ పెళ్ళాం బండి మీద జగిత్యాల వెళ్ళారు. టవర్ దగ్గర మక్బూల్ దుకాణం షట్టరు సగమే లేచి ఉంది. వంగి లోపలికి వెళ్తే టార్చి వెలుగులో రేడియో విప్పుకుని కూర్చున్నాడు. శైలజను చూసి లేచాడు.

"బిళ్ళ నా దగ్గర ఉన్నది చెల్లె, కాళ్ళున్నదే. కని పాతది పీకితే పేరు సాఫ్. గేము నడుస్తుండంగనే మార్చాలె. నడిసేటప్పుడు యాది పెట్టుకునే చిప్పుకు కరెంటు గేములకెల్లే అందుతది, బ్యాటరీతోని పని లేదు. పాతది తీస్తివి, కొత్తది పెడితివి, రెండే నిమిషాలు. సోల్డరింగ్ ఐరన్ మంచిగ కాగినంక ప్లగ్గు పీకి పట్టు, లేకపోతే చిప్పుకు షాక్ కొడతది. ఆ రెండు నిమిషాలల్ల కరెంటు పోయిందనుకో..." అని చేతులు దులిపాడు.

"వాడు రాసిన కొత్త చిప్పు ఆట నేను సూడనే లేదు భాయీ. నేనాడింది పాతది."

"ఫిబ్రవరిల ఎక్కిచ్చినం. ఊర్ల పేర్లన్ని మార్చిండు. సారంగాపూర్, గొల్లపల్లి... కొండగట్టుకాడ రాక్షసులు ఉండాలె గదా, వాళ్ళను తీసి కోతులను పెట్టిండు. చేతుల కొబ్బరికాయ ఉంటే గుంజుకపోతయట." నవ్వబోయి ఆగాడు. "లోపట ఇంకేం రాసిండో నాకెరుక లేదు. పొద్దుగాల్నే ఫోన్ చేసిండు చెల్లె ఆ రోజు. 'భాయ్, తప్పులు దిద్దిన, ఇంకో చిప్పు ఎక్కియ్యాలె, పదకొండింటికల్లా వస్త' అన్నడు. పొద్దంత సూసిన. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు దాక షట్టరు ఎయ్యలే."

"ఏ రోజు?"

"గదే రోజు."

తిరిగొస్తుంటే వెనక కూర్చుని శైలజ దారులు లెక్క వేసుకుంది. సిరిసిల్ల నుంచి జగిత్యాల రావాలంటే వేములవాడ వైపు పోవాలి. సిద్దిపేట రోడ్డు దానికి పూర్తిగా ఎదురుదిక్కు. జగిత్యాలకు బయలుదేరినవాడు అక్కడెందుకున్నాడు? ఇంటికొచ్చాక తండ్రిని అడుగుదామని నోటిదాకా వచ్చింది. బుచ్చయ్య అరుగు మీద కూర్చుని గల్లీ వాళ్ళకు కొడుకు సంగతి చెబుతున్నాడు. "తనంతట తానే పోయిండు" అంటున్నాడు. శైలజ లోపలికి వెళ్ళి బియ్యం కడిగింది.

ఆ రోజు కరెంటు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. సబ్‌స్టేషన్‌లో పనిచేసే రాజన్నకు వేణు ఫోన్ చేశాడు.

"పోదు పో. పోతే నా పేరు మార్సుకుంట," అన్నాడట రాజన్న.

"బండి బ్యాటరీ తీసి దాని మీద నడుపుదామా గేము?" అంది శైలజ.

"మూడు గంటలు గ్యారంటీ అంటుంటే మళ్ళ అదెందుకు?"

శైలజకు ఆ మాట నచ్చలేదు గానీ వాదించలేదు. తర్వాత చాలా రోజులు ఆ వాదించకపోవడాన్ని తలుచుకుంది.

ఆరుంపావుకు టీవీ పెట్టారు. మూత తీసిన క్యాసెట్టు బోర్డు గేములో నిటారుగా నిలబడింది. తెర మీద ARUN 17. కింద రెండు ఖాళీ గీతలు. బుచ్చయ్య గుమ్మంలో నిలబడి, చెప్పులు విడిచి, చూశాడు.

"బాపూ, నువ్వు ముంగటర్రల కూసో. ఎవల్ని రానియ్యకు. మేం పిలిచేదాక ఏం ముట్టకు."

"నేనేం ముడుత బిడ్డా."

వోల్టేజీ తక్కువగా ఉంది. ఐరన్ కాగడానికే అరగంట పట్టింది. సీసం ముక్క ఆనిస్తే కరగదు, మెత్తబడి ముద్దవుతుంది. శైలజ కాగనిచ్చి, ప్లగ్గు పీకి, ఆనించి, చల్లారితే మళ్ళీ ప్లగ్గు పెట్టి, ఇలా మూడుసార్లు చేసింది. వేణు టార్చి పట్టుకున్నాడు. టార్చి వణికింది. "రెండు చేతులతోని పట్టు," అంది. ఏడు గంటలవుతుండగా పాత బిళ్ళ ఒక కాలు ఊడింది. తెర మీద పేరు కదల్లేదు. రెండో కాలు ఊడింది. బిళ్ళ చేతిలోకి వచ్చింది. పేరు అలాగే ఉంది. శైలజ కొత్త బిళ్ళ అందుకుంది.

అదే సమయానికి గల్లీలో మైకు వినబడింది. ఏడు నుంచి ఏడున్నర దాకా ఇళ్ళల్లో దీపాలన్నీ ఆర్పాలని ఆ రోజు పిలుపు. ముందుగది బల్బు శైలజ ముందే తీసేసింది. కానీ లోపలి టీవీ వెలుతురు కిటికీలోంచి నీలంగా గల్లీ మీద పడుతోంది. అటూ ఇటూ ఇళ్ళన్నీ చీకటి. ఆటో ఆగింది.

"ఎవలిల్లిది? లైటు బంద్ చెయ్యిండ్రి! ఏయ్, ఒక్క ఇంటికి వేరే రూలా?"

"అరె, అది టీవీ మెకానిక్ ఇల్లురా. గీ మాత్రం సోయి లేకపాయె. అక్కడేమో పోరగాండ్లు పాణాలిస్తున్నరు, గిక్కడ టీవీలు సూస్తున్నరు!"

ముందుగదిలో బుచ్చయ్య లేచాడు. ఏడు నెలలుగా పిలుపంటే పాటించడమే అతనికి తెలుసు. రోడ్డు మీద వండమంటే వండాడు, రైలుపట్టాల మీద కూర్చోమంటే కూర్చున్నాడు. అమరుని అక్క ఇంట్లో, అమరుని తండ్రి కూర్చుని ఉండగా, గల్లీ మొత్తంలో ఆ ఒక్క ఇంట్లోనే వెలుతురా? గోడ తడుముకుంటూ మీటరు దగ్గరికి వెళ్ళి మెయిను దించేశాడు.

"జై తెలంగాణ!" అంది గల్లీ.

"జై తెలంగాణ," అన్నాడు బుచ్చయ్య, తృప్తిగా.

లోపల టార్చి వెలుతురొక్కటే మిగిలింది. తర్వాత వేణు గొంతు: "మామా... మెయిన్ ఎత్తు."

వెలుతురు వచ్చింది. కొత్త బిళ్ళను శైలజ ఆ చీకట్లోనే అతికించేసింది, చేతిలో పని ఆపడం ఆమెకు తెలియదు కాబట్టి. గేము మళ్ళీ పెట్టింది. మూడు గీతలు. మూడూ ఖాళీ.

"ఏమాయె?" అన్నాడు బుచ్చయ్య గుమ్మంలోంచి.

"పోయింది బాపూ."

"నేను లైట్లే గదా ఆర్పింది."

బుచ్చయ్య గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. "మీ అవ్వకు ఏమని చెప్పాలె ఇప్పుడు? నేనేం చెప్పాలె? లైట్లే గదా..."

అప్పుడు శైలజకు ఒక పాడు ఆలోచన వచ్చింది. ఊరందరికీ వేణు చేతిని చూపించి తన చేతిని దాచిన మనిషి ఆమె. ఇదెంత.

"నాలుగక్షరాలే గద బాపూ. మనమే కొడుదాం. అవ్వ పేరే గద సూసేది."

"పదిహేడు?" అన్నాడు బుచ్చయ్య. "అవ్వకు పదిహేడు ఎరుకే."

"నేనాడి పెంచుత. పది దినాలల్ల పదిహేడు చేస్త," అన్నాడు వేణు. "దుకాణంల పనేమున్నది?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. శైలజ ఒక్కొక్క అక్షరమే వెతికి నొక్కింది. A. R. U. N. కానీ పేరు రాస్తే చాలదు. ఆట మొదలుపెట్టి, ఇల్లు దాటి, బస్టాండు దాకా నడిస్తేనే పేరు నిలుస్తుంది.

తెర మీద ఇల్లు వచ్చింది. చుక్కలు చుక్కలుగా ఉన్నా పోల్చుకోవచ్చు, సిరిసిల్లలో వాళ్ళిల్లే. మూలన సాంచా. పొయ్యి దగ్గర ఎర్ర చీర. మధ్యలో చిన్న కుర్రాడు. తలుపుకు అడ్డంగా తెల్ల ధోతి, ముసలాయన.

శైలజ కుర్రాణ్ణి తలుపు వైపు నడిపించింది. తలుపు తెరుచుకోలేదు. పక్కనుంచి పోనిచ్చింది, తెరుచుకోలేదు. కిటికీ నొక్కింది, పొయ్యి నొక్కింది. ఏం లేదు.

"ఆ ముసలోనితోని మాట్లాడాలేమో," అన్నాడు వేణు.

నొక్కింది. తెర అడుగున డబ్బాలో అక్షరాలు ఒక్కొక్కటే టిక్కుటిక్కుమంటూ వచ్చాయి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. రెండు వరుసలు నిండాయి. తలుపు తెరుచుకుంది.

"అది నేనేనా?" అన్నాడు బుచ్చయ్య.

శైలజ కుర్రాణ్ణి తలుపు దగ్గరే ఆపింది.

"నేనే. మా సాంచా గది. నన్ను పెట్టిండు వాడు ఆటల." గోడ వదిలి లేచాడు, ఒక రకమైన సంతోషంతో. "ఏమంటున్న బిడ్డా నేను? సదువు."

"తిన్నవా కొడుకా అంటున్నవ్ బాపూ," అంది శైలజ, రెప్ప వెయ్యకుండా.

బుచ్చయ్య తెర దగ్గరికి జరిగాడు. అక్షరాలు రావు గానీ, బట్టలో ఒక్క పోగు తప్పితే దూరం నుంచి పట్టేసే కళ్ళవి. వేలు పెట్టి మొదటి వరుస చివరిదాకా, రెండో వరుస చివరిదాకా లాగాడు.

"గింత చిన్న మాటకు గిన్ని అక్షరాలెందుకు బిడ్డా? సరిగ సదువు."

శైలజ వేణు వైపు చూసింది. వేణు నేల చూశాడు. ఇంక చదవక తప్పలేదు. అన్నం పెట్టేటప్పుడు మాట్లాడినంత మామూలుగా చదవాలని చూసింది.

"'ఊరంత రోడ్డు మీదున్నది. నువ్వు గాజులు తొడుక్కొని ఇంట్ల కూసో.'"

గల్లీలో ఏడున్నర అయినట్టుంది, ఒక్కో ఇంట్లో బల్బు వెలుగుతోంది.

"ఈ మాట అన్నంకనే తలుపు తెరుచుకుంటదా?" అన్నాడు బుచ్చయ్య.

"అవు బాపూ."

"రోజు అన్న నేను. సంక్రాంతి సంది రోజు అన్న. వాడు నవ్వెటోడు." కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ పొద్దు గూడ అన్న. మక్బూల్ తానికి పోతన్న బాపూ, చిప్పు ఎక్కియ్యాలె అన్నడు. సంచి భుజానేసుకున్నడు. గాజులు గూడ తెచ్చుకో పో అన్న, మీ అవ్వ ముంగటనే. ఆ రోజు నవ్వలే. సంచి కింద పెట్టిండు. సిద్దిపేట రోడ్డు దిక్కు పోయిండు."

"బాపూ..."

"మీ అవ్వకు ఫోన్ కలుపు."

"రేపు మాట్లాడుదువు తియ్యి."

"కలుపు బిడ్డా."

శైలజ నంబరు నొక్కి అతని చెవి దగ్గర పెట్టింది. నాలుగుసార్లు మోగాక అటువైపు ఎత్తారు. 'హలో' అనలేదు. సుశీల ఫోనెత్తితే హలో అనదు, ఎవరో చెప్పేదాకా ఊరుకుంటుంది. ఎవరో తెలిశాక భర్త అయితే పెట్టేస్తుంది.

"సుశీలా, పెట్టకు," అన్నాడు బుచ్చయ్య. "నేనే. పేరు పోయింది. కరెంటు నేనే తీసిన, అందరు ఆర్పుమంటే ఆర్పిన. వీళ్ళు మళ్ళ రాస్తమంటున్నరు, వద్దంటున్న నేను. వింటున్నవా?"

అటునుంచి ఏమీ వినబడలేదు. పెట్టేసిన చప్పుడు కూడా వినబడలేదు.

"వాడు తనంతట తాను పోలే. నేను పంపిన. అందరి ముంగట అబద్ధం చెప్పుకుంట తిరిగిన. ఆ పొద్దు నేనన్న మాట తప్పు, సుశీలా. నాదే తప్పు."